రాయగడ అబ్బాయి ఇంటర్ ఎక్కడ చదవాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా తాతగారి కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. కిరాణా వ్యాపారం. మా అబ్బాయి సీబీఎస్ఈ టెన్త్ 86 శాతంతో పాసయ్యాడు, లెక్కల్లో 93 వచ్చాయి. ఫిజిక్స్ అంటే ఇష్టం. రూర్కెలా ఎన్ఐటీలో చదివించాలని మా ఆశ. విశాఖపట్నంలో రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌లో చేర్పించమని మా బావమరిది గట్టిగా చెబుతున్నారు. సీటు వచ్చే అవకాశం ఎంత? ఆంధ్రాలో మా కులం బీసీల్లో ఉంది, అది పనికొస్తుందా?

జవాబు: అవకాశం ఎంత అని అడిగారు. అది చెప్పాలంటే ముందు బాబు ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసవుతాడో తేలాలి. మీ జిల్లాలో చాలామంది ఈ సంగతి చూసుకోకుండానే జూన్‌లో పిల్లల్ని రైలెక్కించేస్తారు. రాయగడ స్టేషన్లో ఆ ఉదయాలు నేను చూశాను. ట్రంకుపెట్టె, కొత్త బకెట్టు, అందులో మగ్గు, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టిన ఆవకాయ సీసా. పిల్లాడు కిటికీ దగ్గర కూర్చుని ఏడుపు ఆపుకుంటుంటాడు. ఇంత కష్టపడి పంపేటప్పుడు ఆ రైలు దేన్ని దగ్గర చేస్తుందో, దేన్ని దూరం చేస్తుందో తెలుసుకుని పంపాలి.

ఎన్ఐటీలంటే కేంద్రం నడిపే ఇంజనీరింగ్ కాలేజీలు, దేశంలో 31 ఉన్నాయి. ప్రతి ఎన్ఐటీలో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకు, మిగతా సగం ఇతర రాష్ట్రాల పిల్లలకు. ఇక్కడ సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, అమ్మానాన్నల ఇల్లు కాదు, రేషన్ కార్డూ కాదు. పన్నెండో తరగతి మొదటిసారి ఏ రాష్ట్రంలోని కాలేజీ నుంచి పాసయ్యాడో అదే అతని రాష్ట్రం. బాబు రాయగడలోనో బరంపురంలోనో ప్లస్ టూ, అంటే ఒడిశా ఇంటర్, చదివితే రూర్కెలాలో సొంత రాష్ట్రం వాటాకు పోటీ పడతాడు. విశాఖలో ఇంటర్ చదివితే అతని సొంత ఎన్ఐటీ తాడేపల్లిగూడెంలోది అవుతుంది, రూర్కెలాకు బయటి రాష్ట్రం వాడవుతాడు. కౌన్సెలింగ్ నడిపే జోసా వెబ్‌సైట్లో గత ఏళ్ల ర్యాంకులు ఉంటాయి. రూర్కెలా పట్టికలో హోమ్ స్టేట్, అదర్ స్టేట్ వరుసలు పక్కపక్కన పెట్టి చూడండి. చాలా బ్రాంచీల్లో ఒడిశా పిల్లలకు సీటు ఇంకా వెనక ర్యాంకు దాకా వెళ్తుంది.

కొన్నేళ్ల కిందట గుణుపురం నుంచి ఒక తండ్రీ కొడుకూ నా దగ్గరికి వచ్చారు. అబ్బాయి టెన్త్ దాకా సొంత ఊళ్లోనే చదివాడు, ఇంటర్ మాత్రం ఆంధ్రాలో. ఎన్ఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఆ తండ్రి పట్టిక మీద సివిల్ ఇంజనీరింగ్ వరుసలో వేలు పెట్టి, "ఇదిగో సార్, మావాడికి వచ్చేస్తుంది కదా" అన్నారు. ఆయన వేలు ఉన్నది ఒడిశా వాటా మీద. దాన్ని పక్క వరుసకు జరపాల్సి వచ్చింది నేనే. ఆ వరుసలో సీటు అబ్బాయి ర్యాంకుకు చాలా ముందే అయిపోయింది. రెండేళ్లు హాస్టల్లో ఉంచుకున్న కాలేజీలో ఒక్కరూ ఈ మాట వాళ్లకు చెప్పలేదు. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సరే, రూర్కెలా పోతే పోయింది, ఆంధ్రాలో లోకల్ అవుతాడు కదా అని మీ బావమరిది గారు అనవచ్చు. అదీ కాడు. ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ వంటి చోట్ల 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికుడు కావాలంటే మామూలుగా ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. టెన్త్ రాయగడలో, ఇంటర్ రెండేళ్లు విశాఖలో అంటే ఆ లెక్క కుదరదు. మిగిలిన 15 శాతానికీ వేరే షరతులున్నాయి. తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండటం అలాంటి వాటిలో ఒకటి. మీరు రాయగడలోనే ఉన్నారు. అంటే బాబు ఒకచోట ఉన్న హక్కు వదులుకుని, రెండోచోట కొత్త హక్కు సంపాదించుకోకుండా మిగిలిపోతాడు. 1936లో గీత గీసి మీ ప్రాంతాన్ని ఒడిశాలో కలిపారు. మన పెళ్లిళ్లు, పండగలు, సంతలు ఆ గీతను పట్టించుకోలేదు. అడ్మిషన్ ఫారాలు మాత్రం పట్టించుకుంటాయి.

విశాఖ కోచింగ్ బాగుంటుందన్న మాట నేను కాదనను. రోజూ పరీక్ష పెట్టి, చుట్టూ అదే చదువులో మునిగిన పిల్లల మధ్య ఉంచితే కొందరు నిజంగానే పైకొస్తారు. కానీ ఆ రోజువారీ సాధన విశాఖలోనే దొరుకుతుందని ఏమీ లేదు. బరంపురం, భువనేశ్వర్‌లలో జేఈఈ కోచింగ్ ఉన్న ప్లస్ టూ కాలేజీలు ఉన్నాయి. మీ ఊరి నుంచి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ విజయనగరం మీదుగా బరంపురం, భువనేశ్వర్ వెళ్తుంది. విజయనగరంలో దిగకుండా కూర్చుంటే చాలు. పేరు ఒడిశాలో రాయించి, పాఠాలు విశాఖలో వినే డమ్మీ అడ్మిషన్ల జోలికి మాత్రం పోవద్దు. హాజరు చిక్కుల్లో పరీక్షకే ఎసరు వస్తుంది.

కులం సంగతి. ఎన్ఐటీల్లాంటి కేంద్ర సంస్థల్లో ఓబీసీలకు 27 శాతం సీట్లున్నాయి. అయితే కేంద్రం ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్రా జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, ఉన్నా పేరు వేరుగా రాసి ఉండవచ్చు. బొబ్బిలి వైపు మీ బంధువుల పిల్లల సర్టిఫికెట్ చూసి మనకూ ఉందనుకుంటే చివరి నిమిషంలో దెబ్బ తింటారు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్లో ఒడిశా జాబితా తెరిచి మీ కులం పేరు వెతకండి, తర్వాత తహసీల్దార్ కార్యాలయంలో అడగండి. ఒడిశా ప్రభుత్వం తన జాబితా ప్రకారం వెనకబడిన తరగతులకు ఇచ్చే ఎస్ఈబీసీ సర్టిఫికెట్ వేరు, కేంద్ర సంస్థలకు కావాల్సిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ వేరు. రెండోది కౌన్సెలింగ్ జరిగే ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఒకవేళ మీరు ఆ జాబితాలో లేకపోతే నిరాశ పడకండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇల్లు విషయంలో పెట్టిన పరిమితులు దాటకపోతే ఆర్థికంగా వెనకబడినవారికిచ్చే ఈడబ్ల్యూఎస్ 10 శాతం వాటాకు అప్లై చేయవచ్చు.

ఇక అవకాశం. టెన్త్ మార్కులు చూసి నేను శాతం చెబితే అది మీకు అబద్ధం చెప్పినట్టే. 2025లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లే 14 లక్షలకు పైగా ఉన్నారు. లెక్కల్లో 93 తెచ్చుకున్న పిల్లాడికి పునాది ఉందని చెప్పగలను, అంతే. ప్లస్ టూ మొదటి ఏడాది ముగిశాక, చదివేసిన పాఠాల మీద పాత జేఈఈ ప్రశ్నలు ఏరి, గడియారం పెట్టి చేయించండి. ఆ మార్కులు చాలా చెబుతాయి. ఇంకోటి, ఎన్ఐటీ సీటుకు ర్యాంకు ఒక్కటే చాలదు. బోర్డు పరీక్షలో 75 శాతమైనా రావాలి, లేదా ఆ బోర్డులో పై 20 పర్సెంటైల్‌లోనైనా ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు అది 65 శాతం. కోచింగ్ టెన్షన్లో బోర్డు పుస్తకాలు అటకెక్కించే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు.

బాబుకు ఫిజిక్స్ ఇష్టం అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట అదే. సైన్స్ మీద ఇష్టం నిజమైతే మీకు దగ్గరలోనే బరంపురంలో ఐజర్ ఉంది. అది సైన్స్ చదువుకు, పరిశోధనకు కేంద్రం నడిపే సంస్థ, 2016లో పెట్టారు. అక్కడ సొంత రాష్ట్రం వాటా లేదు, దేశమంతటికీ ఒకటే పరీక్ష. ఆ ఐఏటీ పరీక్షలో 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ తలా 15. ఎంపీసీ పిల్లలు చాలామంది బయాలజీ వదిలేసి ఆ మేరకు వెనకబడతారు. ఒడిశా ప్లస్ టూ సైన్స్‌లో లెక్కలతో పాటు బయాలజీ కూడా తీసుకోవచ్చు. చేరేటప్పుడే ఆ కాలేజీలో రెండూ కలిపి ఇస్తారా అని అడగండి. భువనేశ్వర్ దగ్గర నైజర్ కూడా ఇలాంటిదే, దానికి నెస్ట్ పరీక్ష. ఇవేవీ కాకపోయినా, ఒడిశాలో బూర్లా, భువనేశ్వర్, బరంపురంలోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల్లో జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే చేరవచ్చు. నివాస ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి.

నా మాట అడిగితే, బాబును ఒడిశాలోనే ఉంచండి. రాయగడలో సరైన సైన్స్ కాలేజీ కుదరకపోతే బరంపురం పంపండి. మీ బావమరిది గారికి ఈ జవాబు చదివి వినిపించండి. ఆయన మేనల్లుడి మేలు కోరే చెబుతున్నారు, ఈ నిబంధన తెలిస్తే ఆయనే మనసు మార్చుకోవచ్చు. విశాఖ కాలేజీకి సీటు బుక్ చేసుకునే అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఆగండి. కట్టేసి ఉంటే, మానుకుంటే ఎంత తిరిగిస్తారో ఇవాళే అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి.