‘హోటల్’ తినడానికా, దిగడానికా?

సందేహం: మాది విజయనగరం. ఇడ్లీ తినే చోటునీ, పెళ్ళివారికి గదులు తీసుకునే చోటునీ హోటలే అంటున్నాం. గదులుంటేనే హోటలని మా అబ్బాయి వాదన. ఏది ఒప్పు? గదులిచ్చేవాటిని ‘వసతిగృహం’ అనవచ్చా?

సమాధానం: మీ వాడుకలో తప్పు లేదు. ఇంగ్లీషులో హోటల్‌కి బసే ముఖ్యం. తెలుగులోకి వచ్చాక ఆ మాట తిండి వైపు మొగ్గింది, బసకు లాడ్జి అనే మాట స్థిరపడింది. బస్టాండు దగ్గర బోర్డులు చూడండి: కింద ‘మీల్స్ రెడీ’, మేడ మీద ‘లాడ్జింగ్’. ‘హోటల్‌కి వెళ్ళొచ్చాం’ అంటే తిని వచ్చారని, ‘హోటల్లో దిగాం’ అంటే గది తీసుకున్నారని ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ అర్థం తేల్చేది క్రియ.

హోటల్ అనే మాట రాకముందు డబ్బు తీసుకుని భోజనం పెట్టే చోటు పూటకూళ్ళ ఇల్లు. విజయనగరం వారికి ఇది వేరే చెప్పాలా? గురజాడ వారి ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ మీ ఊరి మనిషే కదా! ఇందులో ఉన్నది కూలి కాదు, కూడు. గూడు, గూళ్ళు అయినట్టే కూడు, కూళ్ళు. ‘పూటకూటి ఇల్లు’ అన్నా ఒప్పే. నాడు ‘నాటి’ అయినట్టు కూడు ‘కూటి’ అవుతుంది. ఎంత చక్కని మాట! పాతకాలపు సంగతులు రాసేటప్పుడైనా దీన్ని వదులుకోకూడదు. సత్రం మాత్రం వేరు. అది బాటసారులకు ధర్మంగా నీడ, కొన్నిచోట్ల అన్నం ఇచ్చేది.

మీ అబ్బాయి మాట స్టార్ల లెక్కలో చెల్లుతుంది. కేంద్ర పర్యాటక శాఖ వన్ స్టార్ నుంచి ఫైవ్ స్టార్ డీలక్స్ దాకా ఇచ్చే గుర్తింపుకి కనీసం 10 గదులుండాలి. గదుల్లేని చోట ఇడ్లీ ఎంత బాగున్నా స్టార్ రాదు. 1950కి ముందు కట్టిన కోటలు, రాజభవనాల లాంటివి హోటళ్ళయితే వాటికి ‘హెరిటేజ్’ తరగతి వేరే ఉంది. ఈ పేర్లను ఉన్నవున్నట్టే రాయండి. ‘మూడు నక్షత్రాల హోటల్’ అన్నా తప్పు కాదు గానీ, జనం నోట ఉన్నది త్రీ స్టారే.

‘వసతిగృహం’ మాత్రం వద్దు. ఆ మాట ఇప్పటికే విద్యార్థుల హాస్టల్‌కి స్థిరపడింది. ‘వసతిగృహంలో పెళ్ళివారు’ అని రాస్తే చదివినవాళ్ళు పిల్లల హాస్టల్లో పెళ్ళేమిటని తికమకపడతారు. వార్తల్లోనూ ఈ జాగ్రత్త కావాలి. ‘హోటల్లో అగ్నిప్రమాదం’ అని శీర్షిక పెడితే కాలింది వంటగదో, మనుషులు పడుకున్న గదులో తెలియదు. అక్కడ లాడ్జి అనో, భోజన హోటల్ అనో విడమరిచి రాయాలి.