ట్యాబ్ ఒక్కటే సరిపోతుందా? పది నెలలు లెక్కల పని చేసి చూశాక నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమలాపురంలో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నారు. పరీక్షలయ్యాక అకౌంట్స్ పనిలో చేరాలని ఉంది. నాన్నగారు 40 వేలు ఇస్తామన్నారు. ఆ డబ్బుతో కీబోర్డు, పెన్ను కలిపి ఒక మంచి ట్యాబ్ కొనుక్కుంటే ల్యాప్‌టాప్ లేకుండా పని జరిగిపోతుందా?

జరగదు. ఈ వృత్తిలోకే రావాలనుకుంటే ముందు ల్యాప్‌టాప్ కొనండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మీకు ఇప్పుడు వచ్చిన ఆలోచనే నాకు 2023లో వచ్చింది. డబ్బు పెట్టి కొని, పది నెలలు దానితోనే పని చేసి చూశాను. ట్యాబ్ మీద నాకు కోపమేమీ లేదు, ఇప్పటికీ రోజూ నా సంచిలో ఉంటుంది. కానీ మీ దగ్గర ఉన్నది ఒక్కసారి ఖర్చు పెట్టగలిగే డబ్బు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను మలికిపురంలో ఉంటాను. 14 ఏళ్లుగా చిన్న వ్యాపారాలకు పద్దులు రాయడం, జీఎస్టీ, టీడీఎస్ (డబ్బు చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) రిటర్నులు వేయడం నా పని. అంబాజీపేట కొబ్బరి వ్యాపారులు ఇద్దరు, రాజోలులో ఎరువుల దుకాణం, రెండు రైసుమిల్లులు, గోదావరి ఆవల నరసాపురంలో ఒక లేసు ఎగుమతి సంస్థ, ఇంకా ఇలాంటివే మరికొన్ని. 2023 జూన్‌లో నా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోయింది. బాగుచేయడానికి అడిగిన డబ్బు వింటే కొత్తది కొనడమే మేలనిపించింది. సరే, కొత్తది కొనేటప్పుడు బరువు మోయడం ఎందుకని 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ తీసుకున్నాను. కీబోర్డు కవరు, పెన్ను విడిగా కొనాల్సి వచ్చింది. ఆ రెండింటికీ అయిన ఖర్చు ట్యాబ్ ధరలో మూడోవంతు. ధర చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. బరువు సంగతీ అంతే: ట్యాబ్ ఒక్కటే అర కిలో, కీబోర్డు కవరు తొడిగితే కిలోకు దగ్గరపడుతుంది. ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, దాన్ని అమ్మేయాలని అనుకున్నాను. అమ్మకపోవడం నా అదృష్టం.

మొదట మంచి చెబుతాను, ఎందుకంటే అది నిజంగా మంచి. రైసుమిల్లులో సంవత్సరాంతపు సరుకు లెక్క చూడాలంటే గోదాములో బస్తాల వరుసల మధ్య నిలబడి రాసుకోవాలి. పాత రోజుల్లో కాగితం మీద రాసుకుని ఇంటికొచ్చి మళ్ళీ ఎక్కించేవాడిని. ల్యాప్‌టాప్ తీసుకెళ్తే పెట్టడానికి చోటు ఉండదు, తవుడు దుమ్ము మీటల సందుల్లోకి దిగిపోతుంది. ట్యాబ్‌ను ఎడమచేతి మీద పెట్టుకుని, పెన్నుతో వరుస వరుసకూ టిక్కు పెట్టుకుంటూ, అనుమానం ఉన్న చోట ఫొటో తీసి ఆ పక్కనే అతికించుకుంటూ ఒక్క పూటలో ముగించాను. బయటికొచ్చి తుండుగుడ్డతో తెర తుడిస్తే సరిపోయింది. ఎండలో తెర సరిగా కనిపించకపోవడం తప్ప ఆ రోజు ఇంకే ఇబ్బందీ లేదు.

ఇంకొక రోజు, నెలలో 20వ తేదీ, నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బికి చివరి రోజు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లనూ మనుషులనూ నది దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళుతున్నాను. ఎరువుల దుకాణం ఆయన ఫోను చేసి డబ్బు ఇప్పుడే కట్టాననీ, రిటర్ను వేసేయమనీ అన్నారు. మోటారు సైకిళ్ల మధ్య కమ్మీకి ఆనుకుని ట్యాబ్ తెరిచాను. అంకెలు అంతకుముందే సిద్ధంగా ఉన్నాయి. జీఎస్టీ పోర్టల్‌లో ఒకసారి సరిచూసి, ఆయన ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగి వేసి, అవతలి గట్టు చేరేలోపు రిటర్ను పంపేశాను. ల్యాప్‌టాప్‌తో అది జరిగేది కాదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, ఇక ల్యాప్‌టాప్ కొనే పనే లేదని మా ఆవిడతో అన్నాను.

ఆ మాట నిలబడలేదు. కారణం ఆ ఓటీపీలోనే ఉంది. ఒకే యజమాని పేరున నడిచే దుకాణం కాబట్టి జీఎస్టీ రిటర్నుకు ఓటీపీ చాలింది. కంపెనీలకు, ఎల్ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థలు) అలా కుదరదు, డిజిటల్ సంతకం తప్పనిసరి. నరసాపురం లేసు సంస్థ ప్రైవేట్ లిమిటెడ్. తరువాతి నెల వాళ్ల రిటర్ను వేయడానికి వెళ్లినప్పుడు డైరెక్టరు గారు బీరువాలోంచి సంతకం టోకెను తీసి ఇచ్చారు. చూడటానికి పెన్‌డ్రైవ్ లాగే ఉంటుంది. దాని రంధ్రంలో ఎర్ర దారం, దారానికి సంస్థ పేరు రాసిన చిన్న అట్టముక్క. దాన్ని ఓటీజీ తీగతో (ట్యాబ్‌కు పెన్‌డ్రైవ్ లాంటివి కలిపే తీగ) ట్యాబ్‌కు తగిలించాను. టోకెను లోపల చిన్న దీపం వెలిగింది. తెర మీద మాత్రం ఏ కదలికా లేదు. తీసి మళ్ళీ గుచ్చాను, మళ్ళీ దీపం వెలిగింది, అంతే. పోర్టల్‌లో సంతకం పడాలంటే ఎమ్‌సైనర్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో నడుస్తూ ఉండాలి, టోకెనును కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రామూ ఉండాలి. నా ట్యాబ్‌లో ఈ రెండూ లేవు, వేసుకునే దారీ లేదు. చివరికి వాళ్ల ఆఫీసు కంప్యూటర్‌లో ఆ రెండూ వేయడానికి గంటన్నర పట్టింది. డైరెక్టరు గారు ఒక్క మాట అనలేదు. కానీ ఆ గంటన్నరా ఆయన గదిలో కూర్చుని నేను పడిన ఇబ్బంది నాకు తెలుసు. ఆలస్యమైతే 3బి మీద రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏటా 18 శాతం వడ్డీ. అవి వాళ్ల జేబులోంచి పోతాయి, నమ్మకం నా మీద పోతుంది.

మీరు గమనించాల్సింది ఇదే. పనిలో ఎక్కువ భాగం ట్యాబ్ మీద హాయిగా సాగిపోతుంది. బిల్లులు చదవడం, అంకెలు వేయడం, వాట్సాప్‌లో వచ్చిన కాగితాలు సర్దడం, పోర్టల్‌లో చూడటం, అన్నీ అవుతాయి. ఆగిపోయేది చివరి మెట్టు దగ్గర. సంతకం పెట్టడం, ఫైలు తనిఖీ చేయించడం, ఆడిటరు గారు అడిగిన రూపంలో డేటా ఇవ్వడం, ఇవి మన ఇష్టాన్ని బట్టి ఉండవు. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌నూ అవతలి వాళ్ల పద్ధతినీ బట్టి ఉంటాయి. మనకు డబ్బు ఇచ్చేది ఆ చివరి మెట్టు దాటించినందుకే.

టాలీ సంగతి మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. పద్దులు రాసే ఆ టాలీప్రైమ్ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. ఇంట్లో డెస్క్‌టాప్ నడుస్తూ ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ట్యాబ్ తెర మీదికి తెచ్చుకోవచ్చు. పది నెలలూ నేను చేసింది అదే, ఆ పాత డెస్క్‌టాప్ నన్ను కాపాడింది. అయితే టాలీలో చేయి తిరిగినవాళ్లు మౌసు ముట్టుకోరు. చెల్లింపుకు ఎఫ్5, వసూలుకు ఎఫ్6, అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకు ఎఫ్9, భద్రపరచడానికి కంట్రోల్-ఎ. వేళ్లు వాటంతట అవే వెళ్లిపోతాయి. నా ట్యాబ్ కీబోర్డులో ఎఫ్ మీటల వరుసే లేదు! ప్రతిసారీ తెర మీద ఒక చిన్న పట్టీ తెరిచి, అందులో ఎఫ్8 వెతికి, వేలితో నొక్కాలి. కొబ్బరి వ్యాపారి ఒక నెల బిల్లులు 200 ఉంటే 200 సార్లు అలా చేయాలి. పైగా అంకెల మీటలు పక్కన విడిగా ఉండవు. గంటలో అయ్యే పని రెండున్నర గంటలు పట్టేది. ఇంట్లో కరెంటు పోతే డెస్క్‌టాప్ ఆగిపోయేది, ఎక్కడో కూర్చున్న నేను కూడా ఆగిపోయేవాడిని. మా వైపు వర్షాకాలంలో అది ఎంత మామూలో మీకు చెప్పనక్కరలేదు. టాలీని క్లౌడ్‌లో పెట్టుకునే సదుపాయం ఉంది, కానీ దానికి విడిగా డబ్బు కట్టాలి. చదువు ముగించి కొత్తగా పని మొదలుపెట్టేవారికి ఆ ఖర్చు అనవసరం.

ఎక్సెల్ గురించి ఒక మాట. ట్యాబ్‌లో ఎక్సెల్ ఉంటుంది, మామూలు సూత్రాలు పనిచేస్తాయి. 10.1 అంగుళాల కన్నా పెద్ద తెర మీద మార్పులు చేయాలంటే మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి. మాక్రోలు (ఫైలులోనే దాచి ఉంచే చిన్న ప్రోగ్రాములు) మాత్రం నడవవు. వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-9కి ప్రభుత్వం ఇచ్చే ఆఫ్‌లైన్ ఎక్సెల్ ఫైలు నడిచేది మాక్రోల మీదే. ప్రతి నెల 14న జీఎస్టీఆర్-2బి, అంటే మనకు సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల పట్టిక, వస్తుంది. దాన్ని మన కొనుగోలు పద్దుతో వరుసవరుసగా పోల్చుకోవాలి. రెండు పెద్ద పట్టికలు పక్కపక్కన పెడితే 11 అంగుళాల తెరలో ఒక్కోదానికి నాలుగు నిలువు వరుసలు కనిపిస్తాయి. నాలుగు నెలలకే నా కళ్లు మండడం మొదలైంది.

అలాగని ట్యాబ్‌తో గట్టి పని కాదనేవారితో నేను ఏకీభవించను. అదే లేసు సంస్థలో, నేను టోకెనుతో కుస్తీ పడుతున్న గదిలోనే, కిటికీ పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి డిజైన్లు గీస్తుంది. పెన్ను తేలిగ్గా ఆనిస్తే సన్నటి గీత, నొక్కితే లావు గీత. ఒక పువ్వు రేకు గీసి, దాన్నే ఎనిమిది సార్లు చుట్టూ తిప్పి పేరిస్తే బల్లగుడ్డ అంచు తయారవుతుంది. ఏ అల్లిక ఎక్కడో పక్కనే రాసి, చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి దగ్గరే అల్లే ఆడవాళ్లకు పంపుతుంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలిపే పని ఆమె రోజంతా ట్యాబ్ మీదే చేస్తోంది. ఆమెకు ల్యాప్‌టాప్ ఇస్తే చేతులు కట్టేసినట్టే. అదే వస్తువు, అదే గది, ఆమె పని సాగుతోంది, నాది ఆగిపోయింది. మీ ప్రశ్నను మీరు లేసు డిజైన్ల పని గురించి అడిగి ఉంటే నా జవాబు తలకిందులయ్యేది.

2024 ఏప్రిల్‌లో నేను మళ్ళీ ల్యాప్‌టాప్ కొన్నాను. ట్యాబ్‌ను దానికి తోడుగా ఉంచుకున్నాను. ఆ రెండింటి విలువా నాకు బాగా తెలిసింది 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు. 28 రాత్రి తీరం దాటింది. కరెంటు అంతకు ముందే పోయింది. మూడు నెలల టీడీఎస్ రిటర్నులకు 31 గడువు. నావి రెండు మిగిలి ఉన్నాయి, ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 200 రూపాయలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ 29 ఉదయానికే అయిపోయింది. ట్యాబ్ ఇంకా సగానికి పైగా నిండి ఉంది, దాని సిమ్‌కు సిగ్నలు వచ్చిపోతూ ఉంది. అందులో కూర్చుని చలాన్ల వివరాలు, పాన్ నంబర్లు, కోసిన మొత్తాలు అన్నీ పట్టికగా సిద్ధం చేసుకున్నాను. కానీ రిటర్ను తయారుచేసే ఆర్‌పీయూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ జావా మీద, కంప్యూటర్‌లోనే నడుస్తుంది. తయారైన ఫైలును తనిఖీ చేసేదీ అందులోనే. ట్యాబ్‌తో అంతవరకే వెళ్లగలిగాను.

30న మా ఊరి చివర రొయ్యల చెరువు రైతు ఒకాయన దగ్గరికి వెళ్లాను. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే రొయ్య బతకదు, అందుకని ఆయన జనరేటరు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంది. గట్టు మీది పాకలో మేత బస్తాల పక్కన ఒక ప్లగ్గు చూపించి, "ఎంతసేపైనా పెట్టుకోండి మాస్టారూ" అన్నారు. బయట కొబ్బరి మట్టలు, విరిగిన కొమ్మలు దారికడ్డంగా పడి ఉన్నాయి. ల్యాప్‌టాప్ గంటసేపు చార్జింగు పెట్టి, ట్యాబ్‌లోని పట్టికను దానిలోకి తీసుకుని, ట్యాబ్ సిమ్ ద్వారానే ఇంటర్నెట్ కలిపి, చీకటి పడేలోపు రెండూ పంపేశాను. తన హడావుడిలో కూడా నా కోసం ప్లగ్గు ఇచ్చిన ఆ రైతును మరిచిపోలేను.

ఇక మీరు ఏం కొనాలో. 15.6 అంగుళాల తెర, పక్కన అంకెల మీటలు ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ చూడండి. 8 జీబీ ర్యామ్ మీకు సరిపోతుంది, ఫైళ్లు వేగంగా తెరుచుకునే ఎస్ఎస్‌డీ నిల్వ తప్పనిసరి. పాత రకం వెడల్పాటి యూఎస్‌బీ రంధ్రం కనీసం ఒకటైనా ఉండాలి, సంతకం టోకెన్లు ఎక్కువగా అందులోకే వెళతాయి. మీ 40 వేలలో ఇలాంటిది వెతకండి. విండోస్ మీద నడిచే ట్యాబ్‌లు కూడా ఉన్నాయని ఎవరైనా చెప్పవచ్చు, అది నిజమే. కానీ మంచివి మీ బడ్జెట్‌లో రావు. చవకగా దొరికినా ప్రాసెసర్ ఇంటెల్ లేదా ఏఎండీ అవునో కాదో చూడండి. ఆర్మ్ రకం చిప్పు ఉంటే విండోస్ నడిచినా, టోకెను డ్రైవరు ఆ చిప్పు కోసం ప్రత్యేకంగా తయారై ఉంటే తప్ప పనిచేయదు.

ట్యాబ్‌ను రెండేళ్ల తరువాత, మీ సంపాదనతో, సిమ్ వేసుకునే వీలున్నది చూసి కొనుక్కోండి. అప్పటికి గోదాములూ రేవులూ తిరిగే పని మీకూ వస్తుంది. ల్యాప్‌టాప్ ఇంటికి వచ్చిన రోజే టాలీప్రైమ్ దించుకోండి. లైసెన్సు కొనకుండానే ఎడ్యుకేషనల్ మోడ్‌లో వాడుకోవచ్చు. నెలలో కొన్ని తేదీలకే పద్దు రాయనిస్తుంది, నేర్చుకోవడానికి అది చాలు. మీ నాన్నగారు కొబ్బరికాయలు అమ్ముతున్నా, వరి పండిస్తున్నా, ఆ లెక్కలే పోయిన ఏడాదివి తీసుకుని మొదటి పద్దుగా రాయండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, చూసి చెబుతాను.