చూపు లేని పిల్లలు ముగ్గులు, బొమ్మలు వేయగలరా?

వేయగలరు, వేలికి తగిలే గీత ఉంటే చాలు. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వంటి ఊళ్లలో తెలుగు పిల్లలకు బొమ్మలు నేర్పాలనుకునేవారికి సహజంగా వచ్చే సందేహమిది.

ఆకారం కంటికే కాదు, వేళ్లకూ తెలుస్తుంది. చదునైన కాగితం మీద పెన్సిల్ గీత వేలికి అందదు. అదే గీత గట్టులా పైకి లేస్తే అందుతుంది.

చుక్కల ముగ్గునే తీసుకోండి. గట్టి అట్టపై వరుసల్లో చింతగింజలు అంటించండి. అవే చుక్కలు. ఎడమచేతి చూపుడువేలితో గింజలు లెక్కపెట్టుకుంటూ, కుడిచేత్తో జిగురు పూసిన నూలుదారాన్ని వాటి చుట్టూ తిప్పుకుంటూ పోవాలి. మెలిక తప్పితే వేలికే తెలుస్తుంది, విప్పి మళ్లీ తిప్పవచ్చు. చూపున్న పిల్లలూ పక్కపక్కనే కూర్చుని ఇలాంటి అట్టపైనే వేయాలి. వేరే గదిలో వేరే పని ఇవ్వడం కలుపుకోవడం కానే కాదు.

చాలామంది పొరబడేది ఒకచోట: పిల్లల చేయి పట్టుకుని గీయించడమే సాయమనుకుంటారు. అప్పుడు వచ్చేది పట్టుకున్నవారి బొమ్మ. అడగకుండా చేయి పట్టుకోకండి; సామగ్రి ఎక్కడుందో చెప్పి, ఆగండి. చూపు పోతే కళ కూడా పోతుందన్నదీ అపోహే. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ 1950ల్లో పూర్తిగా చూపు కోల్పోయాక కూడా కాగితం ముక్కలు అతికించి చిత్రాలు కూర్చారు, శిల్పాలు చేశారు.