జమ్ము బెడ్‌లో బురద ఎన్నాళ్లకు ఆరుతుందో లెక్క కట్టాలంటే డార్సీ సమీకరణం చాలా?

మధురవాడలో ఒక ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) బురదను జమ్ము నాటిన బెడ్ మీద ఆరబెట్టడానికి ఎంటెక్ ప్రాజెక్టుగా మోడల్ రాస్తున్నానన్నారు, ఒక్క డార్సీ సమీకరణం (ఇసుకలాంటి పొర గుండా నీళ్లు ఎంత వేగంగా దిగుతాయో చెప్పేది) సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నేనూ అదే నమ్మి ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను.

ముందు చేతి లెక్క వేయండి. 1 శాతం ఘనపదార్థం ఉన్న బురద 10 సెంటీమీటర్ల మందాన పోస్తే చదరపు మీటరుకు 100 లీటర్లు, అందులో ఎండు సరుకు కిలో. అది 4 శాతానికి చిక్కబడితే 25 లీటర్లు మిగులుతుంది. పోయిన 75 లీటర్లూ ఇసుక, కంకర గుండా దిగినవే, చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లో. 20 శాతానికి రావాలంటే ఇంకో 20 లీటర్లు పోవాలి. ఇవి మొండి నీళ్లు, ఎండా గాలీ జమ్ము వేళ్లే లాగాలి. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 4 రోజులు, 2 మిల్లీమీటర్లే అయితే 10. అందుకే ఈ రెండు దశలకూ వేర్వేరు సమీకరణాలు కావాలి.

ఇక నా తప్పు. ల్యాబ్‌లో బుక్నర్ ఫనెల్‌కి (వడపోత కాగితం వేసే గరాటు) వాక్యూమ్ పెట్టి వడపోత నిరోధం, అంటే నీళ్లు దిగకుండా బురద ఎంత అడ్డుపడుతుందో కొలిచి, ఆ అంకె నేరుగా మోడల్‌లో వాడేశాను. అక్కడ లాగుడు 50 కిలోపాస్కల్స్, బెడ్ మీద 10 సెంటీమీటర్ల నీళ్ల బరువు 1 కిలోపాస్కల్. బురద అణిగే సరుకు, ఎంత లాగితే అంత బిగుసుకుంటుంది. మోడల్ మూడు రోజులన్న నీళ్లు బెడ్‌లో ఒక్క రాత్రిలో దిగిపోయాయి! చివరికి మా డాబా మీద పీవీసీ పైపులో కంకర, ఇసుక నింపి, కింద బకెట్ పెట్టి గంటగంటకూ కొలిచాను. ఆ వాసనకి అమ్మ ఆ ఏడు వడియాలు పెట్టలేదు.

పైపులోనూ దొరకనిది ఒకటుంది. గాలికి ఊగే కాడల చుట్టూ బురదలో సందులు పడతాయి, ఆరిన పొర పగుళ్లిస్తుంది. కాబట్టి పైపు అంకెతో మొదలుపెట్టి, అసలు బెడ్ కింద నుంచి వచ్చే నీళ్లతో సరిచూసుకోండి.

మన విశాఖలో అసలు టెన్షన్ అక్టోబరే. గాలిలో తేమకి ఆవిరి తగ్గుతుంది, పైన వాన. నేను వాన మొత్తాన్నీ బురదలో కలిపేస్తే లెక్కలో బెడ్ ఎప్పటికీ ఆరలేదు. పగుళ్లున్నప్పుడు చాలా వాన నేరుగా డ్రెయిన్‌కి పోతుంది, దానికో గుణకం పెట్టాకే దారికొచ్చింది.

లోడింగ్‌కి, అంటే బెడ్ మీద ఎంత బురద పోయొచ్చో దానికి, యూరప్‌లో ఏడాదికి చదరపు మీటరుకు 30–60 కిలోల ఎండు పదార్థం అంటారు. బ్యాంకాక్‌లో ఏఐటీ (ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) వాళ్లు జమ్ము బెడ్ల మీద సెప్టిక్ ట్యాంక్ బురద పోసి చూసి 250 బాగుంటుందన్నారు. ఆ 250 చూసి నాలాగా ఆశపడకండి, మీ బకెట్ లెక్క వచ్చేదాకా 60 దగ్గరే ఉండండి.