సన్స్ జట్టు ఒప్పందాలను పరిశీలిస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని ఫీనిక్స్ సన్స్ జట్టు జీతాల పరిస్థితిపై వ్యాసం రాస్తున్నావని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన పట్టిక చూశాను, కూడికలన్నీ సరిగానే ఉన్నాయి. అయితే అందులో ఎవరికి ఎంత ఇస్తున్నారో ఉంది గాని, ఆ ఒప్పందం నుంచి జట్టు ఎప్పుడు, ఏ దారిన బయటపడగలదో ఎక్కడా లేదు. నేను ఆడిటింగులో చేరిన కొత్తలో ఒక లీజు పత్రంలోని అద్దె మొత్తాన్ని పైసలతో సహా సరిచూసి, గడువు తీరేదాకా ఖాళీ చేయరాదన్న షరతును మాత్రం చదవకుండా సంతకం పెట్టాను. మా సీనియర్ ఆ కాగితం తిరిగి నా బల్ల మీద పెట్టినప్పటి నుంచి, ఏ ఒప్పందమైనా చివరి పేజీ నుంచి చదవడం నాకు అలవాటైంది.

ముందుగా జట్టు ఏ గీతకు ఎటువైపు ఉందో చూడు. 2025-26 సీజన్‌కు శాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి, సుమారు 15.46 కోట్ల డాలర్లు, దాటితే అదనపు పన్ను పడే లగ్జరీ ట్యాక్స్ గీత 18.79 కోట్లు, ఆ పైన ఆంక్షలు తెచ్చే రెండు గీతల్లో ఫస్ట్ ఏప్రన్ 19.59 కోట్లు, సెకండ్ ఏప్రన్ 20.78 కోట్లు. జట్టు మొత్తం జీతాలు క్యాప్ దాటడం వార్తే కాదు. ఒక ఆటగాడు మూడేళ్లు జట్టులో ఉంటే, లారీ బర్డ్ పేరుతో పిలిచే హక్కుల ద్వారా క్యాప్ దాటి అయినా అతనితో మళ్లీ ఒప్పందం చేసుకోవచ్చు. అసలు ఇబ్బంది సెకండ్ ఏప్రన్ దగ్గర మొదలవుతుంది. అది దాటిన జట్టు ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకోలేదు, ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడిలో, నగదు పంపలేదు, ఏడేళ్ల తరువాతి ఫస్ట్ రౌండ్ పిక్‌ను, అంటే కొత్త ఆటగాళ్ల ఎంపికలో తొలి విడత అవకాశాన్ని, మార్పిడికి వాడలేదు. డబ్బున్న యజమాని పన్ను కట్టి ఊరుకోగలడు గాని, ఈ ఆంక్షలను డబ్బుతో కొనలేడు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2023 నాటి కార్మిక ఒప్పందంలోని పదును అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆటగాడు బ్రాడ్లీ బీల్ సంగతికి వద్దాం, నీ వ్యాసానికి వెన్నెముక అదే కావాలి. వాషింగ్టన్ జట్టు 2022లో అతనికి అయిదేళ్లకు 25.1 కోట్ల డాలర్లతో పాటు నో ట్రేడ్ క్లాజ్ కూడా ఇచ్చింది, 2023లో అతను ఫీనిక్స్‌కు మారినప్పుడు ఆ షరతూ వెంట వచ్చింది. అంటే సన్స్ కొన్నది ఆటగాడిని మాత్రమే కాదు, అతని అంగీకారం లేనిదే ఎవరికీ పంపలేని జీతాన్ని కూడా. 2024-25లో జట్టు సెకండ్ ఏప్రన్ పైన ఉండి, 36 గెలుపులు, 46 ఓటములతో ప్లేఆఫ్స్‌కు చేరలేకపోయింది. 2025 జులైలో అతనితో బైఔట్, అంటే కొంత సొమ్ము వదులుకుని జట్టు వీడే ఏర్పాటు, కుదుర్చుకుని, మిగిలిన రెండేళ్ల సొమ్మును స్ట్రెచ్ నిబంధన కింద, అంటే మిగిలిన ఏళ్లను రెట్టింపు చేసి ఒకటి కలిపితే వచ్చే అయిదేళ్లకు పరిచారు. దీంతో ఆడని ఆటగాడి పేరు మీద 2029-30 దాకా ఏటా సుమారు 1.94 కోట్ల డాలర్లు లెక్కలో ఉంటాయి.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఇలా పరిచిన సొమ్ము ఏ ఏడాదిలోనూ క్యాప్‌లో 15 శాతం మించకూడదు. అంతకు ముందు ఏడాదే సన్స్ మరో ఇద్దరి చిన్న జీతాలను ఇలాగే పరిచి ఆ వాటాలో కొంత ఖర్చు చేసుకుంది. అందువల్ల బీల్ సుమారు 1.39 కోట్లు వదులుకుంటే తప్ప ఈ ఏర్పాటు కుదిరేది కాదు. ఆటగాడి చేతిలో అంత బలం ఎలా వచ్చిందో నీ పాఠకులకు అర్థం కావాలంటే ఆ చిన్న అంకెలు కూడా పట్టికలో ఉండాలి. అయితే ఒకటి ఒప్పుకోవాలి: ఈ పని వల్ల జట్టు రెండు ఏప్రన్ల కిందికీ దిగింది. అది ఒక అప్పు తీర్చడానికి దీర్ఘకాలపు మరో అప్పు చేయడమే అయినా, ఆ స్థితిలో నేనున్నా బహుశా అదే చేసేవాణ్ని.

జీతాన్ని డాలర్లలో కాకుండా క్యాప్‌లో శాతంగా రాయి. 2016లో టీవీ ఒప్పందం వల్ల క్యాప్ ఒక్కసారిగా 7 కోట్ల నుంచి 9.41 కోట్లకు పెరగగానే, లేకర్స్ జట్టు టిమోఫీ మోజ్గోవ్‌కు నాలుగేళ్లకు 6.4 కోట్లు రాసిచ్చి, ఏడాది తిరగకముందే అతన్ని వదిలించుకోవడానికి డీఆంజెలో రస్సెల్‌ను కూడా తోడుగా పంపాల్సి వచ్చింది. ఇప్పుడు క్యాప్ ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు కాబట్టి ముందుచూపుతో లెక్క వేయడం కొంత సులువు. న్యూయార్క్‌లో జేలెన్ బ్రన్సన్ ఏడాది ఆగితే దొరికే 26.9 కోట్ల ఒప్పందాన్ని కాదని, నాలుగేళ్లకు 15.65 కోట్లకు ఒప్పుకోవడం వల్ల 2025-26లో అతని వాటా క్యాప్‌లో 23 శాతం లోపే ఉంది, అతని అనుభవానికి నిబంధనలు 30 శాతం దాకా అనుమతిస్తాయి.

ఆప్షన్ల విషయంలో, అంటే ఒప్పందపు చివరి ఏడాదిని కొనసాగించాలా వద్దా అని తేల్చే హక్కు విషయంలో, అది ఎవరి చేతిలో ఉందన్నదే చూడు. ప్లేయర్ ఆప్షన్ ఉన్న ఏడాదిని జట్టుకు ఖర్చుగానే రాసుకో, ఎందుకంటే ఆటగాడు దెబ్బతింటే ఆ సొమ్ము తప్పక తీసుకుంటాడు. టీమ్ ఆప్షన్ మాత్రం జట్టుకు ఆస్తి. ఓక్లహోమా సిటీ 2024లో ఐజయా హార్టెన్‌స్టైన్‌తో మూడేళ్లకు 8.7 కోట్లకు ఒప్పందం చేసుకున్నప్పుడు చివరి ఏడాదిని తన చేతిలోనే ఉంచుకుంది. మరుసటి ఏడాది టైటిల్ గెలిచి, ముగ్గురు యువ ఆటగాళ్లకు భారీ ఒప్పందాలు ఇచ్చినప్పుడు ఆ జాగ్రత్త విలువ బయటపడింది.

నీ పట్టికలో ఇంకో రెండు తేదీలు చేర్చు. గ్యారంటీ లేని, అంటే ముందుగా తొలగిస్తే పూర్తిగా ఇవ్వక్కర్లేని, జీతాలు జనవరి 10తో ఆ సీజన్‌కు పూర్తిగా ఖరారవుతాయి, లగ్జరీ ట్యాక్స్ రెగ్యులర్ సీజన్ చివరి రోజు ఉన్న మొత్తంపైనే వేస్తారు. అందువల్ల అక్టోబరులో గీత దాటిన జట్టు ఫిబ్రవరి ట్రేడ్‌తో కిందికి దిగవచ్చు. ప్రతి పేరు పక్కనా బయటపడే తేదీ, అందుకయ్యే ఖర్చు అని రెండు గడులు గీసి, దేవిన్ బుకర్ వరుసతో మొదలుపెట్టి, నింపిన పట్టిక నాకు మళ్లీ పంపు. వచ్చే ఆదివారం తీరిగ్గా చూసి ఎర్ర సిరాతో తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య