పోర్ట్‌బ్లెయిర్ ప్రయాణానికి తేదీ పెట్టుకోవద్దు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. మీ పడవని హార్బర్‌కి వెళ్ళి చూసి కూడా వచ్చాను, చాలా సంతోషం వేసింది. పాతదే అయినా గట్టి పడవ, ఇద్దరికి సరిగ్గా సరిపోతుంది. మీ ప్లాన్‌లో నాకు నచ్చనిది ఒక్కటే. నవంబరు 20న చెన్నైలో బయల్దేరడం, 26కల్లా పోర్ట్‌బ్లెయిర్ చేరడం, మీ అత్తగారు వాళ్ళు అక్కడికి ఫ్లైట్‌లో రావడం, 30న మీరు బెంగళూరులో ఆఫీసుకి హాజరవడం. ఆ తేదీలన్నీ కొట్టేయండి. తెరచాప పడవకి రైల్వే టైమ్‌టేబుల్ పనికిరాదు.

లెక్క చూడు. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) సుమారు 740 నాటికల్ మైళ్ళు. మీ పడవ సగటున 5 నాట్లు (గంటకి 5 నాటికల్ మైళ్ళు) నడిస్తే రోజుకి 120 మైళ్ళు, అంటే కాగితం మీద ఆరు రోజుల పైనే. గాలి పడిపోతే అదే ఎనిమిది, తొమ్మిది రోజులవుతుంది. వాతావరణ సూచనని నేను మూడు నాలుగు రోజుల వరకే గట్టిగా నమ్ముతాను, ఆ తర్వాతిది అంచనా కిందే లెక్క. ఇక నవంబరు, డిసెంబరు సంగతి నీకు తెలియంది కాదు. వార్దా తుఫాను 2016 డిసెంబరు 12న చెన్నై మీదే తీరం దాటింది, మిచాంగ్ 2023 డిసెంబరు మొదటి వారంలో ఊరంతా ముంచింది, ఫెంగల్ 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గరికొచ్చింది. ఈ సీజన్ తుఫాన్లు చాలావరకు ఆగ్నేయ బంగాళాఖాతంలో, అండమాన్ వైపు అల్పపీడనంగా మొదలై మన తీరానికి వస్తాయి, అంటే మీరు వెళ్ళే దారిలోనే మీకు ఎదురొస్తాయన్నమాట. సెలవులు అయిపోతున్నాయనో, అక్కడ మనవాళ్ళు ఎదురుచూస్తున్నారనో అనుమానంగా ఉన్న వాతావరణంలో లంగరెత్తడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. అందుకే తేదీ వద్దంటున్నాను.

జనవరి చివరి నుంచి మార్చి మధ్యలో వెళ్ళండి. ఫిబ్రవరిలో తుఫాను బెడద బాగా తక్కువ. అప్పుడైనా ఈశాన్య గాలి మీకు ఎడమ ముందు వైపు నుంచి కొడుతుంది, పడవ కుడివైపుకి ఒరిగే నడుస్తుంది, డెక్ తడుస్తూనే ఉంటుంది, వంట కష్టం. వచ్చేటప్పుడు అదే గాలి వెనక పక్క నుంచి తోస్తుంది కాబట్టి హాయిగా ఉంటుంది. కడుపులో తిప్పడం మొదటి రెండు మూడు రోజులు ఇద్దరికీ తప్పకపోవచ్చు. మాత్ర ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. ఏ మాత్రో డాక్టర్ని అడగండి.

తెల్లవారుజామున బయల్దేరండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. అందరూ నడిసముద్రం గురించి భయపడతారు గానీ నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది తీరం వెంబడి ఉండే మొదటి 40 మైళ్ళే. కాసిమేడు చేపల రేవు పడవలు, చీకట్లో ఒక్క చిన్న లైటుతో ఉండే ఫైబర్ బోట్లు, నీళ్ళ మీద తేలే వల బెండ్లు, ఇవేవీ చుట్టుపక్కల ఓడల్ని చూపించే మీ ఏఐఎస్ తెర మీద కనపడతాయన్న నమ్మకం లేదు. వల ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే మీ ఇంజను పని అయిపోయినట్టే, ఆ జాలరి కుటుంబానికీ నష్టమే. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేసరికి దాన్నంతా దాటేస్తారు.

రాత్రి కాపలా మూడు గంటల చొప్పున పంచుకోండి. మేలుకున్నవాళ్ళు పది నిమిషాలకోసారి లేచి నిలబడి చుట్టూ చూడాలి, ఫోన్ చూస్తూ కూర్చుంటే కుదరదు. దిగంతంలో చుక్కలా కనపడిన కంటైనర్ ఓడ 20 నాట్ల మీద వస్తుంటే పావుగంట, ఇరవై నిమిషాల్లో నెత్తిమీదకొస్తుంది. చీకటి పడ్డాక హార్నెస్ (మనిషిని పడవకి కట్టి ఉంచే పట్టీ) తగిలించుకోకుండా ఇద్దరిలో ఎవరూ డెక్ మీదకి రాకూడదు, అల్లుడు ఎంత ఈతగాడైనా సరే. ఒకరు నీళ్ళలో పడితే లోపల నిద్రపోతున్న రెండోవాళ్ళకి చప్పుడు కూడా వినపడదమ్మా.

గాలి విషయంలో మొండితనం వద్దు. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది, 10 నాట్ల గాలికీ 20 నాట్ల గాలికీ ఉన్న తేడా అది. తెరచాప కుదిద్దామా అన్న ఆలోచన రాగానే కుదించేయండి, చీకటి పడే ముందు ఎలాగూ కుదించండి. రోజూ పొద్దున తాళ్ళన్నీ చేత్తో తడిమి చూడు. తెరచాపని పైకెత్తే తాడు మాస్ట్ కొసన కప్పీ మీద ఒక్కచోటే రాసుకుంటూ ఉంటుంది, ముందు పైపొర నూగులా లేస్తుంది, మర్నాటికి లోపలి పోగులు తెల్లగా బయటపడతాయి, ఆ తర్వాత ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. రోజుకోసారి రెండంగుళాలు వదిలి మళ్ళీ బిగిస్తే రాపిడి ఒకేచోట పడదు.

అటువైపు చేరాక ఇంకో జాగ్రత్త. పోర్ట్‌బ్లెయిర్ దక్షిణ అండమాన్ దీవికి తూర్పు పక్కన ఉంది, మీరొచ్చేది పడమర నుంచి. సరిగ్గా ఆ దారిలోనే సెంటినలీ ఆదివాసులుండే నార్త్ సెంటినల్ దీవి ఉంటుంది, దానికి 5 నాటికల్ మైళ్ళ లోపలికి వెళ్ళడం నేరం. దక్షిణంగా దూరం జరిగి డంకన్ పాసేజ్ అనే జలసంధి గుండా, అదీ పగటిపూట, తూర్పు వైపుకి చుట్టుకెళ్ళండి.

వీటన్నిటికంటే ముందు ఒక రాత్రంతా ప్రయాణం చెయ్యండి. పుదుచ్చేరి వైపు 70 మైళ్ళు వెళ్ళి వెనక్కి రండి, అలా మూడు నాలుగుసార్లు. మన హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి ఉన్న నేవీ జట్టు 2017లో తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరే ముందు, మహదేయి పడవలో మారిషస్ దాకా వెళ్ళొచ్చి సాధన చేసింది. మనకీ అదే దారి.

సాయం ఎంత ఆలస్యంగా వస్తుందో కూడా తెలుసుకోండి. 2018లో ఒంటరిగా ప్రపంచం చుట్టే పందెంలో ఉన్న నేవీ అధికారి అభిలాష్ టోమీ దక్షిణ హిందూ మహాసముద్రంలో వెన్నెముక దెబ్బతిని పడి ఉంటే, అంతమంది వెతికినా ఫ్రెంచి ఓడ ఒసిరిస్ చేరడానికి సుమారు మూడు రోజులు పట్టింది. కాబట్టి తాగే నీళ్ళు మనిషికి రోజుకి నాలుగు లీటర్ల చొప్పున, అనుకున్న రోజులకి రెట్టింపు పెట్టుకోండి, విడివిడి క్యాన్లలో. శాటిలైట్ ఫోన్ ఎవరో దుబాయ్ నుంచి తెస్తామన్నారని రాశావు, వద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా థురాయా, ఇరిడియం మన దేశంలో వాడితే కేసవుతుంది. 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే పరికరం) కొనండి. దాని రిజిస్ట్రేషన్ మీ బెంగళూరులోనే, ఇస్రో వాళ్ళ ఇస్ట్రాక్ కేంద్రంలో ఉన్న ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్ చూస్తుంది. అందులో అత్యవసర నంబరుగా నాది ఇవ్వు. బయల్దేరే రోజు దారి, పడవ రంగు, మందులు, అన్నీ రాసిన కాగితం నాకు పంపు. ఎన్ని రోజులు మీ కబురు లేకపోతే నేను కోస్ట్‌గార్డ్ 1554కి ఫోన్ చెయ్యాలో కూడా ఇప్పుడే ఇద్దరూ కూర్చుని తేల్చుకుని అందులో రాయండి.

మీ మావయ్య