జీడిపప్పు వ్యాపారానికి డాట్ ఇన్ తీసుకోవాలా, చవగ్గా వచ్చే డాట్ ఎక్స్‌వైజెడ్ చాలా?

పలాసలో జీడిపప్పు అమ్ముతున్నామని, వెబ్‌సైట్‌కి ఏ డొమైన్ (అంటే సైట్ చిరునామా) సేఫ్ అని అడిగారు. నన్నడిగితే డాట్ ఇన్. దాన్ని చూసుకునేది మన దేశపు సంస్థ నిక్సి. 2005 నుంచి ఎవరైనా కొనుక్కునే వీలుంది. మీ పేరుతో డాట్ కామ్ దొరికితే అదీ నిశ్చింతే.

డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటి చవక డొమైన్‌తో అసలు చిక్కు డబ్బు కాదు, పరువు. తక్కువకి దొరికేచోట మోసగాళ్లు కూడా టోకుగా కొంటారు. దాంతో చెత్త మెయిళ్లను పక్కన పడేసే స్పామ్ ఫిల్టర్లు చుక్క తర్వాతి ముక్క చూసే అనుమానపడతాయి. బొబ్బిలిలో వీణలు అమ్మే మా స్నేహితుడు ఇలాంటి డొమైన్ నుంచే బెంగళూరు పార్టీకి కొటేషన్ పంపాడు. వారం తర్వాత ఫోన్ చేస్తే అది వాళ్ల స్పామ్‌లో పడి ఉంది! అన్నట్టు, మొదటి ఏడాది ఆఫర్ కాదు, రెన్యువల్ ధర చూడండి.

ఉచితంగా ఇచ్చేవాటి జోలికి అసలు పోవద్దు. డాట్ టీకే లాంటివి ఊరికే పంచిన ఫ్రీనామ్, 2023లో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసి, మరుసటి ఏడాది ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పింది.

కొన్ని బ్రౌజర్లలో కనిపించే తాళం గుర్తుకీ, ఏ డొమైన్ కొన్నారన్నదానికీ సంబంధం లేదు. అది సైట్‌కి పెట్టే భద్రతా సర్టిఫికెట్ వల్ల వస్తుంది, ఏ డొమైన్‌కైనా పెట్టుకోవచ్చు.

ఏది కొన్నా రిజిస్ట్రేషన్ మీ పేరు, మీ మెయిల్, మీ ఫోన్ నంబర్‌తోనే చేయించండి. సైట్ చేసిపెట్టే కుర్రాడి పేరు మీద ఉంటే, అతను హైదరాబాద్ వెళ్లిపోయాక రెన్యువల్ ఓటీపీ కోసం అతని చుట్టూ తిరగాలి.